ఎడమకో పయాన్, కుడికో పయాన్: క్వార్క్ స్పిన్ హాడ్రాన్లకు ఎలా అందుతుంది?

జర్మనీలోని హాంబర్గ్‌లో ఉన్న డేజీ ప్రయోగశాల నుంచి 2005లో ఒక ఫలితం వచ్చింది. అక్కడ హెర్మిస్ అనే ప్రయోగంలో 27.5 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల పాజిట్రాన్లను (ఎలక్ట్రాన్లకు ధనావేశపు ప్రతికణాలను) హైడ్రోజన్ వాయువులోకి పంపారు. ఆ హైడ్రోజన్‌లోని ప్రోటాన్ల స్పిన్‌ను, అంటే కణాలకు సహజంగా ఉండే కోణీయ ద్రవ్యవేగాన్ని, పాజిట్రాన్ల దారికి అడ్డంగా, ఒకే వైపుకు తిప్పి ఉంచారు. ఢీకొన్న తరవాత బయటపడిన పయాన్లను (ఒక క్వార్క్, ఒక యాంటీక్వార్క్ కలిసిన తేలిక కణాలను) లెక్కపెడితే ధన పయాన్లు ఒక పక్కకు, ఋణ పయాన్లు దానికి ఎదురు పక్కకు కాస్త ఎక్కువగా వాలి కనిపించాయి. వాలు కొద్ది శాతమే. అయినా సిద్ధాంతకారులను అది ఇబ్బంది పెట్టింది. ఋణ పయాన్ల వాలు ధన పయాన్ల వాలుకు ఏ మాత్రం తీసిపోకపోవడమే ఆ ఇబ్బందికి కారణం.

ఇందులో ఇబ్బంది ఏముందో చిన్న లెక్కతో తెలుస్తుంది. ప్రోటాన్‌లో రెండు అప్ క్వార్కులు, ఒక డౌన్ క్వార్క్ ఉంటాయి. అప్ ఆవేశం 2/3, డౌన్ ఆవేశం –1/3. పాజిట్రాన్ ఏ క్వార్కును తాకుతుందన్నది ఆవేశపు వర్గం మీద ఆధారపడుతుంది కనుక అప్ వాటా రెండు నాలుగులు ఎనిమిది, డౌన్ వాటా ఒకటి. అంటే ప్రోటాన్ నుంచి బయటికి తన్నుకొచ్చేది చాలావరకు అప్ క్వార్కే. ధన పయాన్‌లో అప్ క్వార్క్ ఉంది కాబట్టి అది తన స్పిన్ గుర్తును పయాన్‌లోకి తీసుకెళ్లిందంటే నమ్మవచ్చు. ఋణ పయాన్ డౌన్, యాంటీఅప్‌ల కలయిక. పాజిట్రాన్ తాకిన క్వార్క్ అందులో లేనే లేదు. లేని క్వార్క్ స్పిన్ దాని మీద అంత గట్టి ముద్ర ఎలా వేసింది? అదీ ఎదురు దిశలో?

జవాబు ప్రోటాన్ లోపల దొరకదు. బయటికొచ్చిన క్వార్క్ హాడ్రాన్ల, అంటే ప్రోటాన్, పయాన్ వంటి క్వార్కులతో కట్టిన కణాల, గుంపుగా మారే క్షణంలో వెతకాలి. క్షణం అనడం కూడా ఎక్కువే. మొదటి హాడ్రాన్లు రూపుదిద్దుకోవడానికి పట్టే కాలం, వాటి సొంత చట్రంలో చూస్తే, సెకనులో లక్ష కోట్ల కోట్ల వంతు కన్నా తక్కువ. క్వార్కుల మధ్య బలాన్ని వివరించే క్వాంటం క్రోమోడైనమిక్స్ మన చేతిలో ఉంది, దాని సమీకరణాలూ తెలుసు. కానీ ఈ దశలో బలం మరీ ఎక్కువగా ఉండడంతో మామూలు ఉజ్జాయింపులు పనిచెయ్యవు. ప్రోటాన్ ద్రవ్యరాశిని చక్కగా రాబట్టే లాటిస్ లెక్కలు (స్థలకాలాలను గళ్లుగా విడగొట్టి కంప్యూటర్ మీద చేసేవి), కాలంతో పాటు సాగే ఈ మార్పును నేరుగా పట్టుకోలేవు. అందుకే ఇక్కడ నమూనాలు కావాలి.

నమూనాలకు కొరత లేదు. ఫ్రాన్స్‌కు చెందిన జేవియర్ అర్‌త్రూ, మెనెసియే 1974లోనే తీగ తెగే చిత్రాన్ని ప్రతిపాదించారు. 1978లో ఫీల్డ్, ఫైన్‌మన్ ఒక క్వార్క్ నుంచి హాడ్రాన్లు ఒకదాని వెనక ఒకటి రాలిపడే గొలుసును లెక్కల్లో పెట్టారు. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో బో ఆండర్సన్, గోస్టా గుస్తాఫ్‌సన్, వారి సహచరులు తీగ చిత్రాన్ని పూర్తి స్థాయి నమూనాగా మలిచారు. 1983 నాటికి దాని రూపం స్థిరపడింది. పిథియా అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో నేటికీ పనిచేస్తున్నది అదే. సెర్న్ వారి పెద్ద కొలైడర్‌లో కొలతలు చేసే బృందాలు దాన్ని రోజూ వాడతాయి.

లుండ్ చిత్రం ఇది: క్వార్క్, దానికి జోడీ అయిన రెండో కొస ఒకదానికొకటి దూరంగా పరుగెడుతుంటే వాటి మధ్య బలక్షేత్రం సన్నని తీగలా బిగుసుకుంటుంది. దూరం పెరిగినా తీగ లాగే బలం తగ్గదు. ఒక ఫెర్మీ (మీటరులో కోటి కోట్లలో పదో వంతు) పొడవుకు సుమారు ఒక గిగా ఎలక్ట్రాన్ వోల్ట్ శక్తి అందులో నిండుతుంది. మన కొలమానంలో చెప్పుకుంటే నిండా సరుకెత్తిన లారీ బరువుకు, అంటే పదహారు టన్నులకు సమానమైన లాగుడు. అది పనిచేసేది మాత్రం ప్రోటాన్ అంత వెడల్పున్న చోట. ఒక దశలో తీగ తెగుతుంది. తెగిన చోట శూన్యం నుంచి క్వార్క్–యాంటీక్వార్క్ జంట పుట్టి, తెగిన రెండు కొసలకూ చెరొకటి అతుక్కుంటుంది. క్వాంటం సొరంగం గుండా దాటివచ్చే ఘటన ఇది. అందుకే బరువైన క్వార్కులు పుట్టే అవకాశం వేగంగా పడిపోతుంది. అప్, డౌన్ చెరొకటి పుట్టే చోట స్ట్రేంజ్ సుమారు 0.3 వంతు పుడుతుంది. చార్మ్ దాదాపు పుట్టదనే అనుకోవచ్చు.

ఈ నమూనా సాధించిన విజయాలు చిన్నవి కావు. కానీ దశాబ్దాల తరబడి ఆ ప్రోగ్రామ్‌లో క్వార్కుకు ఫ్లేవర్ (అప్, డౌన్ వంటి రకం) ఉంది, శక్తి ఉంది, అడ్డు దిశలో ద్రవ్యవేగం ఉంది. స్పిన్ మాత్రం లేదు. పుట్టే మీసాన్ (క్వార్క్, యాంటీక్వార్క్ కలిసిన హాడ్రాన్) స్పిన్ సున్నాదా, ఒకటిదా అన్నది కూడా ముందే పెట్టిన నిష్పత్తి ప్రకారం పాచిక వేసి తేల్చేవారు. సగటు సంఖ్యలు, సగటు శక్తులు చాలనుకున్నంత కాలం ఈ లోటు ఎవరినీ బాధించలేదు.

స్పిన్ అవసరం వేరే వైపు నుంచి వచ్చింది. ప్రోటాన్ అడ్డు దిశలో ధ్రువణం చెందినప్పుడు, అంటే దాని స్పిన్ అటు తిరిగి ఉన్నప్పుడు, లోపలి క్వార్కులు ఎంతమేరకు అదే దిశలో ధ్రువణం చెందుతాయో తెలిపే రాశిని ట్రాన్స్‌వర్సిటీ అంటారు. రాల్‌స్టన్, సోపర్ 1979లో దీన్ని ముందుకు తెచ్చారు. దీనికో మొండితనం ఉంది. చెదిరిన ఎలక్ట్రాన్‌ను మాత్రమే కొలిచే ప్రయోగాల్లో ఇది కనిపించదు. తన లాంటి స్వభావమే ఉన్న మరో రాశితో గుణిస్తే తప్ప బయటపడదు. ఆ రెండో రాశిని జాన్ కాలిన్స్ 1993లో చూపించాడు. అడ్డంగా ధ్రువణం చెందిన క్వార్క్ నుంచి వచ్చే హాడ్రాన్, క్వార్క్ దారికి ఎడమ కుడి పక్కల్లో ఒకవైపుకు మొగ్గుతుందని, ఆ మొగ్గే స్పిన్‌ను చదివే కొలబద్ద కాగలదని ఆయన వాదన. దాన్నే ఇప్పుడు కాలిన్స్ ప్రభావం అంటున్నారు. హెర్మిస్‌లో కనిపించింది ఈ రెండు రాశుల లబ్ధమే.

ఆ మొగ్గు ఎందుకు వస్తుందన్నది కాలిన్స్ సూత్రం చెప్పదు. ఒక ప్రమేయం ఉండవచ్చని, దాని విలువ ప్రయోగం నుంచి తెచ్చుకోవాలని మాత్రమే చెబుతుంది. ఎందుకు అన్న ప్రశ్నకు, ఈ వ్యాసం దృష్టిలో అన్నిటికన్నా అందమైన సమాధానం తీగ తెగే చోటే ఉంది. దాని పేరు త్రీ–పీ–జీరో.

తీగ తెగిన చోట పుట్టే జంట శూన్యం నుంచి వచ్చింది కాబట్టి శూన్యపు లక్షణాలనే చూపాలి. మొత్తం కోణీయ ద్రవ్యవేగం సున్నా కావాలి, పారిటీ (అద్దంలో తిప్పి చూసినప్పుడు స్థితి గుర్తు మారుతుందో లేదో చెప్పే లక్షణం) ధనాత్మకం కావాలి. క్వార్క్, యాంటీక్వార్క్‌ల అంతర్గత పారిటీలు ఒకదానికొకటి వ్యతిరేకం. ఆ వ్యతిరేకతను సరిదిద్దాలంటే అవి ఒకదాని చుట్టూ ఒకటి ఒక యూనిట్ కక్ష్యా కోణీయ ద్రవ్యవేగంతో కదలాలి. ఆ యూనిట్‌ను రద్దు చెయ్యాలంటే రెండింటి స్పిన్‌లూ ఒకే వైపుకు నిలిచి ఇంకో యూనిట్‌ను ఎదురు దిశలో సమకూర్చాలి. ఇలాంటి స్థితికి వాడే గుర్తే త్రీ–పీ–జీరో. ఇందులో కొత్తగా ఊహించింది ఏమీ లేదు. మీసాన్లు విచ్ఛిన్నమయ్యే తీరును వివరించడానికి 1960ల చివర్నుంచే ఈ ఆలోచన వాడుకలో ఉంది.

ఇప్పుడు అప్ క్వార్క్ ముందుకు దూసుకుపోతోందని, దాని స్పిన్ పైకి ఉందని అనుకుందాం. దాని వెనక తీగ తెగి డౌన్–యాంటీడౌన్ జంట పుట్టింది. యాంటీడౌన్ వెళ్లి అప్‌తో కలిస్తే ధన పయాన్ తయారవుతుంది. పయాన్ స్పిన్ సున్నా, కాబట్టి యాంటీడౌన్ స్పిన్ కిందికి ఉండాలి. జంటలో ఇద్దరి స్పిన్‌లూ ఒకే వైపు గనక డౌన్ స్పిన్ కూడా కిందికే. స్పిన్‌లు కిందికి ఉన్నాయంటే కక్ష్యా గతి పైకి ఉన్నట్టు. క్వార్క్ వెళ్లే దిక్కుకు ముఖం పెట్టి చూస్తే దీని అర్థం ఒక్కటే: జంటలో ముందున్న యాంటీడౌన్ ఎడమకు, వెనకున్న డౌన్ కుడికి కదులుతున్నాయి. ఆ యాంటీడౌన్‌ను మోసుకెళ్లే ధన పయాన్ ఎడమకు మొగ్గుతుంది.

కథ అక్కడితో ఆగదు. మిగిలిన డౌన్ ఇప్పటికే కుడికి తోసుకుపోతోంది, పైగా దాని స్పిన్ కిందికి. తీగ మళ్లీ తెగి ఈసారి అప్–యాంటీఅప్ జంట పుట్టిందనుకోండి. డౌన్‌తో పయాన్‌గా కలవాలంటే యాంటీఅప్ స్పిన్ పైకి ఉండాలి. అప్పుడు కొత్త జంట కక్ష్యా గతి కిందికి, అంటే యాంటీఅప్ కుడికి. డౌన్ తెచ్చిన కుడి తోపు, యాంటీఅప్ తెచ్చిన కుడి తోపు రెండూ కలిసి ఋణ పయాన్ కుడికి వెళ్తుంది. గొలుసులో రెండోది అయినా మొదటి దానికి రాని రెట్టింపు తోపు దీనికి వచ్చింది. హెర్మిస్ చూసింది సరిగ్గా ఇదే. తాకిన క్వార్క్ ఋణ పయాన్‌లో లేకపోయినా, దాని స్పిన్ కబురు మొదటి తెగింపు గుండా రెండో తెగింపుకు చేరింది.

ఇక్కడ ఎవరైనా ఒక అభ్యంతరం లేవనెత్తవచ్చు: బాణాలు గీసి, పైకి కిందికి అంటూ చెప్పే ఈ కథ క్వాంటం యాంత్రిక శాస్త్రమేనా? అభ్యంతరం న్యాయమైనదే. మాంటీ కార్లో ప్రోగ్రామ్ పాచికలతో నడుస్తుంది. ప్రతి అడుగులో ఒక సంభావ్యత లెక్కించి, ఒక ఫలితాన్ని ఎంచుకుని, ముందుకు పోతుంది. స్పిన్ అలా లొంగదు. అది సంభావ్యతగా మారకముందు తరంగాల స్థాయిలో ఉంటుంది, తరంగాలు ఒకదానితో ఒకటి వ్యతికరణం చెందుతాయి. కాలిన్స్ ప్రభావం పుట్టేదే అలాంటి వ్యతికరణంలో. రెండు స్పిన్ స్థితుల ఆంప్లిట్యూడ్‌ల మధ్య దశ తేడా లేకపోతే మొగ్గు పూర్తిగా మాయమవుతుంది. స్పిన్‌ను ఒట్టి బాణంగా భావించి పాచిక వేస్తే కొన్ని అమరికల్లో సంభావ్యత ఋణ సంఖ్యగా తేలే ప్రమాదం కూడా ఉంది.

ఇటలీలోని త్రియెస్తేలో ఆల్బి కెర్బిజి, అర్‌త్రూ, మరికొందరు కలిసి చేసిన పని విలువ ఇక్కడే తెలుస్తుంది. 2018లో వచ్చిన వారి నమూనాలో క్వార్క్ స్పిన్‌ను రెండు వరసలు, రెండు నిలువుల సాంద్రతా మాత్రికగా మోసుకుపోతారు. ఒక్కో తెగింపు ఒక్కో మాత్రికా గుణకారం. పాచిక హాడ్రాన్ రకాన్ని, దాని ద్రవ్యవేగాన్ని తేలుస్తుంది. ఆ ఎంపిక జరగగానే మిగిలిన క్వార్క్ స్పిన్ మాత్రికను క్వాంటం నియమం ప్రకారం కొత్తగా లెక్కిస్తారు. ఆ మాత్రిక తరవాతి పాచికను ఒక పక్కకు వంచుతుంది. ఇలా కట్టినప్పుడు సంభావ్యత ఎన్నడూ ఋణాత్మకం కాదు. పాచికలాటలోకి క్వాంటం జ్ఞాపకాన్ని దొంగచాటుగా కాకుండా, రాచబాటలోనే తెచ్చారు.

త్రీ–పీ–జీరో బొమ్మ మొత్తం ఆ మాత్రికలో ఒక్క సంకీర్ణ సంఖ్యగా ఇమిడిపోయింది. దాన్ని ద్రవ్యరాశి యూనిట్లలోనే కొలుస్తారు. దాని కల్పిత భాగం సున్నా అయితే కాలిన్స్ మొగ్గు సున్నా. కల్పిత భాగపు గుర్తు మారితే ఎడమ కుడి తారుమారు. దశ తేడా ఎక్కడుందని వెతికితే ఈ ఒక్క సంఖ్యలో ఉంది. నమూనా బలం ఇదేనని చెప్పాలి. ధన పయాన్‌కు ఒక ప్రమేయం, ఋణ పయాన్‌కు మరొకటి, కేయాన్లకు (స్ట్రేంజ్ క్వార్క్ ఉన్న మీసాన్లకు) ఇంకో రెండు అంటూ డేటాకు గీతలు అమర్చే పద్ధతి దేన్నయినా అందంగా సరిపెట్టగలదు. ఒక సంకీర్ణ సంఖ్యతో ధన ఋణ పయాన్ల ఎదురెదురు మొగ్గులు, ఒకే జెట్‌లోని (ఒక క్వార్క్ నుంచి వచ్చిన గుంపులోని) రెండు హాడ్రాన్లను జంటగా చూసినప్పుడు కనిపించే అసౌష్ఠవం, అడ్డు ద్రవ్యవేగంతో మొగ్గు మారే తీరు అన్నీ రాబట్టాలంటే కథలో నిజం ఉండాలి.

అన్నీ పయాన్లే పుడితే పని ఇక్కడితో సులువుగా ముగిసేది. నిజానికి కొలిచిన పయాన్లలో చెప్పుకోదగ్గ భాగం రో వంటి వెక్టర్ మీసాన్లు విచ్ఛిన్నమై వచ్చినవి. రో స్పిన్ ఒకటి. అక్కడ క్వార్క్, యాంటీక్వార్క్ స్పిన్‌లు ఎదురెదురుగా ఉండనక్కర్లేదు. లెక్క ముచ్చటైనది. స్పిన్ సున్నా మీసాన్‌లో ఏ దిశలో చూసినా రెండు స్పిన్‌లు పూర్తిగా వ్యతిరేకం, సహసంబంధం –1. స్పిన్ ఒకటి ఉన్న మీసాన్‌లో మూడు ధ్రువణ స్థితుల సగటు తీస్తే ఒక్కో దిశకు సహసంబంధం +1/3. అంటే గొలుసులో మొదట పుట్టిన రో, పయాన్‌కు ఎదురు పక్కకు, మూడో వంతు బలంతో మొగ్గాలి. చిజెవ్‌స్కీ 1990లలోనే ఈ మూడో వంతును ఎత్తి చూపాడు. ఫలితంగా రో నుంచి పుట్టిన పయాన్లు నేరుగా పుట్టిన పయాన్ల మొగ్గును పలచన చేస్తాయి. దీన్ని నమూనాలో చేర్చాక కొత్త పరామితులు రెండు వచ్చాయి: దారి వెంబడి ధ్రువణం, దారికి అడ్డంగా ధ్రువణం ఉన్న రోల బలాల నిష్పత్తి ఒకటి, వాటి మధ్య దశ తేడా రెండోది. ఒక్క సంఖ్య కాస్తా మూడైంది. సెర్న్‌లోని కంపాస్ బృందం 160 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల మ్యువాన్ పుంజంతో రో మీసాన్ల అసౌష్ఠవాన్నే విడిగా కొలిచింది. ఆ పరామితులకు కళ్లెం వేయగల కొలతలు అవే.

ఇదొక్కటే దారి కాదు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో మాతెవోస్యన్, కోట్జినియన్, థామస్ మరో గొలుసు నమూనాతో మాంటీ కార్లో నడిపారు. వాళ్ల దగ్గర తీగ లేదు. క్వార్క్ హాడ్రాన్‌ను వదిలే ఒక్కో అడుగునూ క్వార్కుల మధ్య బలాన్ని సరళంగా చిత్రించే నాంబు–జోనా-లాసీనియో సిద్ధాంతం నుంచి లెక్కిస్తారు. సూక్ష్మ సిద్ధాంతం నుంచి మొదలుపెట్టడం దాని ఆకర్షణ. అయితే గొలుసును క్వార్క్ కొస నుంచి లెక్కించినా, ఎదురు కొస నుంచి లెక్కించినా ఒకే ఫలితం రావాలన్న లుండ్ సౌష్ఠవ నియమం అందులో ఇమడలేదు. తీగ పక్షాన ఇది బలమైన వాదన. ప్రకృతికి ఏ కొస నుంచి లెక్క మొదలుపెట్టామో తెలియదు కదా.

త్రియెస్తే నమూనాను లుండ్‌కు చెందిన లీఫ్ లోన్‌బ్లాడ్‌తో కలిసి పిథియాకు జోడించారు. ఆ జోడింపు పేరు స్ట్రింగ్‌స్పిన్నర్. మామూలుగా పిథియా తీగను తెంపుతూ పోతుంటే ఇది పక్కన కూర్చుని ప్రతి హాడ్రాన్‌నూ స్పిన్ నియమాలతో తూచి, కుదరనిదాన్ని తిరస్కరించి మళ్లీ పాచిక వేయిస్తుంది. కంపాస్, హెర్మిస్ ఫలితాలతో పోలిస్తే మొగ్గుల గుర్తులు, స్థాయి సరిపోతాయి. ఇక్కడ కొంచెం ఆచితూచి మాట్లాడాలి. ప్రోటాన్ ప్రయోగాల్లో కనిపించేది ట్రాన్స్‌వర్సిటీ, కాలిన్స్ ప్రభావాల లబ్ధం. ట్రాన్స్‌వర్సిటీని అదే డేటా నుంచి తెచ్చుకుని నమూనాలో పోసి, తిరిగి అదే డేటాతో సరిపోయిందంటే అది సగం పరీక్షే.

మిగతా సగం ప్రోటాన్ లేని చోట దొరుకుతుంది. జపాన్‌లోని బెల్ బృందం 2006లో ఎలక్ట్రాన్, పాజిట్రాన్ ఢీకొన్నప్పుడు పుట్టే రెండు ఎదురెదురు జెట్లలో కాలిన్స్ ప్రభావాన్ని కొలిచింది. ఆ తరవాత అమెరికాలో బాబార్, చైనాలో బీఈఎస్–త్రీ కూడా కొలిచాయి. బెల్‌కు వారసురాలైన బెల్–2 బృందంలో మన హైదరాబాద్ ఐఐటీ కూడా ఉంది. ఇక్కడ విడిగా చూస్తే ఏ క్వార్కుకూ ధ్రువణం లేదు. ఫోటాన్ నుంచి పుట్టిన జంట కాబట్టి క్వార్క్, యాంటీక్వార్క్ స్పిన్‌లు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయి. ఒక జెట్‌లోని పయాన్ ఎటు మొగ్గిందన్నది రెండో జెట్‌లోని పయాన్ మొగ్గుతో ముడిపడి కనిపిస్తుంది. నమూనా రాసేవారికి ఇది కఠిన పరీక్ష. రెండు కొసల్లోనూ విడివిడిగా పాచికలు వేస్తే ఆ ముడి తెగిపోతుంది. 1988లో కాలిన్స్, నోల్స్ వేరే అవసరం కోసం తయారుచేసిన ఉపాయం ఇక్కడ పనికొచ్చింది. మొదట ఒక కొసలో హాడ్రాన్‌ను తేల్చి, ఆ ఎంపిక తెచ్చిన సమాచారాన్ని మాత్రికగా రెండో కొసకు పంపి, ఆపైన అక్కడ పాచిక వెయ్యడమే ఆ ఉపాయం.

బేరియాన్ల (ప్రోటాన్ లాంటి మూడు క్వార్కుల కణాల) వైపు చూస్తే కథ ఇంత నున్నగా సాగదు. 1976లో ఫెర్మీలాబ్‌లో ధ్రువణం లేని ప్రోటాన్లతో బెరీలియం లక్ష్యాన్ని కొడితే, పుట్టిన లాంబ్డాలు (స్ట్రేంజ్ క్వార్క్ ఉన్న బేరియాన్లు) అడ్డు దిశలో గట్టిగా ధ్రువణం చెంది బయటికొచ్చాయి. లుండ్ బృందం 1979లోనే దీనికి తీగ వివరణ ఇచ్చింది. తెగిన చోట పుట్టిన స్ట్రేంజ్ జంట కక్ష్యా గతిని స్పిన్ సరిదిద్దాలి అన్నదే అందులోనూ సారం. కాలిన్స్ మొగ్గుకు ఇచ్చిన త్రీ–పీ–జీరో వివరణకు అది పెద్దక్క లాంటిది. 2019లో బెల్ కూడా ఎలక్ట్రాన్–పాజిట్రాన్ ఢీలో లాంబ్డా ధ్రువణాన్ని చూసింది. కానీ బేరియాన్ పుట్టాలంటే తీగ తెగిన చోట ఒక క్వార్కుకు బదులు రెండు క్వార్కుల కట్ట, ఒక యాంటీక్వార్కుకు బదులు రెండు యాంటీక్వార్కుల కట్ట రావాలి. ఆ రెండు క్వార్కుల కట్టకు కూడా సొంత స్పిన్ ఉండవచ్చు. మాత్రికలు పెద్దవవుతాయి, పరామితులు పెరుగుతాయి. ఒక్క సంఖ్యతో మొదలైన నమూనాకు అది రుచించే విషయం కాదు.

అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో ఎలక్ట్రాన్–అయాన్ కొలైడర్ రాబోతోంది. దాని ఎలక్ట్రాన్, ప్రోటాన్ పుంజాలు రెండూ ధ్రువణం ఉన్నవే. కంపాస్ శక్తుల దగ్గర తీగ దాదాపు వంపు లేకుండా తిన్నగా ఉందని అనుకుని లెక్క నడపవచ్చు. స్ట్రింగ్‌స్పిన్నర్ తొలి రూపంలో క్వార్క్ నుంచి గ్లూవాన్లు (క్వార్కుల మధ్య బలాన్ని మోసే కణాలు) వెలువడే దశను ఆపేసే ఉంచారు. పెద్ద కొలైడర్ శక్తుల్లో ఆ వీలు ఉండదు. ప్రతి గ్లూవాన్ తీగలో ఒక వంపు తెస్తుంది. వంపు దగ్గర ఎడమ, కుడి అనే మాటలకే ఆధారమైన అక్షం దిక్కు మారిపోతుంది. స్పిన్ మాత్రికను ఆ మలుపు చుట్టూ ఎలా తిప్పి తీసుకెళ్లాలి, గ్లూవాన్ తన వెంట ఎంత ధ్రువణాన్ని పట్టుకుపోతుంది అన్నవి కాగితం మీద ముందు తేలాలి. ఆ తరవాతే ప్రోగ్రామ్ రాయగలరు. కొత్త కొలైడర్ నుంచి డేటా రావడం మొదలయ్యేలోపు జరగాల్సిన పని ఇది.